99 అని రాసిన గడులు

నా ఎండీఎస్ థీసిస్ మొదట జ్ఞానదంతాల మీద. పన్ను తీశాక యాంటీబయాటిక్ ఐదు రోజులు ఇవ్వాలా, ముందు ఒక్క డోసు ఇస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న. 2021 జనవరిలో సినాప్సిస్, అంటే థీసిస్ ప్రతిపాదన, పాసైంది. ఏప్రిల్ వచ్చేసరికి కరోనా సెకండ్ వేవ్. డెంటల్ ఓపీ మూతపడింది. జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చే నాథుడు లేడు. ఓరల్ సర్జరీ పీజీగా నా చేతిలో అప్పటికి ఉన్న కేసులు నాలుగు.

మేలో మమ్మల్ని పక్కనున్న పెద్దాసుపత్రికి డ్యూటీ వేశారు. అక్కడ చూసిన మొదటి నోరు నాకిప్పటికీ గుర్తు. పల్నాడు వైపు మిర్చి రైతు, వయసు యాభై దాటింది. కరోనా తగ్గి ఇంటికెళ్లిన రెండు వారాలకు పై పళ్లు కదులుతున్నాయని వచ్చాడు. ఒక పన్ను కాదు, కుడివైపు వరసంతా. వేలు పెట్టి ఒకదాన్ని ఊపితే పక్క నాలుగూ ఎముకతో సహా కలిసి కదిలాయి. చిగుళ్ల మీద సూదిమొనంత చీము రంధ్రాలు. అంగిలి మీద రూపాయి బిళ్లంత మచ్చ, బూడిద రంగులో, అంచుల దగ్గర అప్పుడే నల్లబడుతూ. బుగ్గ మీద దూది రాస్తే తెలియడం లేదన్నాడు. నొప్పి ఉందా అని అడిగితే, "నొప్పి కాదు డాక్టరమ్మా, ఈ పక్క మొహం నాది కానట్టుంది" అన్నాడు.

ఆ వారంలోనే అలాంటి నోళ్లు ఇంకో ఆరు చూశాను. పేపర్లన్నీ బ్లాక్ ఫంగస్ అని రాస్తున్నాయి. తెలంగాణలో మే 20న దాన్ని నోటిఫై చేశారు, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రం చేశారు. మా దగ్గర ఆరోగ్యశ్రీలో చేర్చారు. నిజానికి ఆ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల గోడల్లోకి దూరి లోపల రక్తం గడ్డకట్టిస్తుంది. రక్తం అందని కండా ఎముకా చచ్చిపోయి నల్లబడతాయి. నలుపు ఫంగస్‌ది కాదు, శవంది. జబ్బు కూడా కొత్తది కాదు, 1885లోనే పాల్టాఫ్ అనే వైద్యుడు మనిషిలో దీన్ని వర్ణించాడు. అరుదైన జబ్బు కాబట్టి అన్నేళ్లలోనూ పేషెంట్లను వరసగా చేర్చుకుని, ముందుకు వెంబడించి చూసిన అధ్యయనాలు తక్కువే. మా గైడ్ సార్ ఓ రాత్రి డ్యూటీలో టీ తాగుతూ, "నీ జ్ఞానదంతాలు ఎటూ రావు. వీళ్లను రాయి" అన్నారు. అంత తేలిగ్గా అన్నారు.

టైటిల్ మార్చాలంటే కొత్త సినాప్సిస్, యూనివర్సిటీ అనుమతి, మళ్లీ ఎథిక్స్ కమిటీ. మేం కొత్త మందేమీ ప్రయత్నించడం లేదు. పై దవడకు ఈ ఫంగస్ పట్టినవాళ్లను చేర్చుకుని, మామూలుగా జరిగే వైద్యాన్నే రాసుకుంటూ, ఏడాది పాటు వాళ్లెలా ఉన్నారో చూడటమే. అయినా కమిటీ కమిటీనే. కరోనా కాలంలో ఎథిక్స్ కమిటీలు ఎలా పనిచేయాలో ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి మీటింగు ఆన్‌లైన్‌లో పెట్టారు. డాక్టర్లు శాంపిల్ సైజు గురించి రెండు ప్రశ్నలు వేసి వదిలేశారు. నన్ను నిజంగా ఇరుకున పెట్టింది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. కమిటీలో వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలి, ఆ కుర్చీ ఆయనది.

"అమ్మాయ్, మొహాల ఫోటోలు తీస్తానని రాశావు. ఎవరి ఫోన్లో?"

"నా ఫోన్లోనే సార్."

"నీ ఫోను పోతే?"

కళ్ల మీద నల్లపట్టీ వేస్తామన్నాను. "మా ఊళ్లో మనిషిని వెనకనుంచి నడక చూసి గుర్తుపడతారు. కళ్లు మూస్తే గుర్తుపట్టరా?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో కన్ను తీసేసిన మనుషుల ఫోటోలు, కొన్నింటిలో కేస్ షీట్ మీద పేరుతో సహా, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుండేవి. నా ఫోన్లో కూడా ఉన్నాయి. మీటింగ్ అయ్యాక మొదట చేసిన పని వాటిని తుడిచేయడం. తర్వాత డిపార్ట్‌మెంట్ కెమెరా ఒకటి విడిగా పెట్టుకున్నాం. మెమరీ కార్డు సార్ బీరువాలో, ఫోటోకి పేరు బదులు నంబరు.

అనుమతి వచ్చాక క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ ముందే నమోదు చేసుకోవాలి, పేషెంట్లను చేర్చుకోవడం మొదలుపెట్టాక వెళితే తీసుకోరు. మాది పరిశీలన మాత్రమే అయినా సార్ వదల్లేదు. ఆ ఫారంలో పీజీ థీసిసా కాదా అని ఒక గడి ఉంటుంది. అవును అని నొక్కినప్పుడు ఎందుకో కాస్త చిన్నతనంగా అనిపించింది. ఫారం రెండుసార్లు ప్రశ్నలతో వెనక్కొచ్చింది, మూడోసారి నంబరు వచ్చింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

చెప్పాల్సింది కన్సెంట్, అంటే పేషెంట్ల ఒప్పుకోలు గురించి. తెలుగు ఫారం నేనే రాశాను. "ఈ అధ్యయనంలో మీ భాగస్వామ్యం పూర్తిగా స్వచ్ఛందం" అని మొదలుపెట్టి, చదువుకుని మురిసిపోయాను. మా మిర్చి రైతుకు చదివి వినిపిస్తే ఆయన భార్య వంక చూశాడు. ఆమె, "స్వచ్ఛంద సంస్థోళ్లా అమ్మా? డబ్బులేమైనా ఇస్తారా?" అంది. ఇంకొకాయన పరిశోధన అన్న మాట వినగానే మంచం మీద వెనక్కి జరిగాడు. "మా మీద ప్రయోగం చేస్తారన్నమాట." ఆ రాత్రి ఫారం మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. "మీ జబ్బు గురించి రాసుకుంటాం. రాసుకోనిచ్చినా, వద్దన్నా మీకిచ్చే మందులు, చేసే ఆపరేషన్ అవే. మధ్యలో ఎప్పుడైనా వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు." మార్చిన ఫారం మళ్లీ కమిటీకి వెళ్లి ముద్ర వేయించుకు రావాలి, ఇంకో పది రోజులు.

భాష సరిచేశాక కూడా ఒకటి తేడాగా ఉంది. అందరూ వెంటనే సంతకం పెట్టేస్తున్నారు. చదవకుండా, వినకుండా, పెన్ను ఎక్కడ అన్నట్టు. ఇది మంచి శకునమనుకున్నాను. సార్ కాదన్నారు. ఈ ఫంగస్‌కు ఇచ్చే ఇంజెక్షన్ ఆంఫోటెరిసిన్ దొరకని రోజులవి. లైపోసోమల్ రకమైతే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ రోజుకు ఆరు. అలా వారాల తరబడి. వార్డుకు పొద్దున ఎన్ని వయల్స్ వచ్చాయో అందరికీ తెలుసు, ఎవరికి ఎన్ని ఎక్కించారో పక్క మంచం వాళ్లు లెక్కపెట్టేవారు. అలాంటి వార్డులో తెల్లకోటు వేసుకుని కాగితం చేతికిస్తే పెట్టకుండా ఎవరుంటారు? సంతకం పెట్టకపోతే ఇంజెక్షన్ ఆపేస్తారేమో అన్న భయం అది. అప్పటినుంచి సార్ ఒక రూలు పెట్టారు. ఆ రోజు బాటిల్ ఎక్కి, మందు చుక్కలు పడటం మొదలయ్యాకే నేను కాగితం తీయాలి. చేయి ఖాళీగా ఉన్న మనిషి దగ్గరికి ఫారంతో వెళ్లకూడదు. వేలిముద్ర వేసేవాళ్లకైతే మా డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఈ రూలు పెట్టిన వారంలో ఇద్దరు వద్దన్నారు. ఒకావిడ, "నీ చదువుకి నా మొహమెందుకమ్మా" అంది. నాకు చివుక్కుమంది. సార్ మాత్రం, "ఇప్పుడు నీ కన్సెంట్ నిజమైంది" అన్నారు.

ఇక ఆపరేషన్లు. మామూలుగా మాకు రక్తం ఎక్కువ పోతేనే టెన్షన్. ఈ కేసుల్లో రక్తం రాకపోతే టెన్షన్. చచ్చిన ఎముక పాత సున్నపు గోడ పెచ్చులాగా పొడిగా, తెల్లగా వచ్చేస్తుంది, ఒక్క చుక్క రక్తం ఉండదు. అంచు ఎర్రబడి రక్తం చెమర్చేదాకా కొరుక్కుంటూ పోవాలి. కొందరికి ఒక మూల నాలుగు పళ్లతో సరిపోయింది. కొందరికి పై దవడ రెండు వైపులా పోయింది, సైనస్‌ల పని ఈఎన్‌టీ వాళ్లు పక్కనే నిలబడి చేశారు.

తీసిన ముక్కల దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. ముక్కల్లో సగం ఫార్మలిన్‌లో పాథాలజీకి, సగం మామూలు సెలైన్‌లో మైక్రోబయాలజీకి పంపాలి. మొదటి మూడు కేసుల్లో అలవాటుగా రెండు సీసాల్లోనూ ఫార్మలిన్ పోయించాను. పన్ను ఓపీలో మాకు బయాప్సీ అంటే ఫార్మలినే. అది ముక్కను పాడవకుండా ఉంచుతుంది, కానీ అందులోని ఫంగస్‌ను చంపేస్తుంది. మైక్రోబయాలజీ మేడం సీసా మూత తీసి వాసన చూసి నాకు ఫోన్ చేశారు. "చంపేసి పంపించి మొలిపించమంటావేమ్మా?" ఆ మూడు కల్చర్లూ పోయినట్టే. ఆ కేసుల్లో ఏ జాతి ఫంగస్ అన్న గడి ఎప్పటికీ ఖాళీ.

తర్వాత మేడం దగ్గరే కూర్చుని చాలా నేర్చుకున్నాను. గాజు పలక మీద చిన్న ముక్క పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కండ కరిగాక మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ దారాలు కనబడతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే వేరే ఫంగస్ అయితే సన్నగా, అడ్డగోడలతో, ఇంగ్లీషు వీ అక్షరంలా చీలుతుంది. మ్యూకర్ జాతివి, అంటే ఈ బ్లాక్ ఫంగస్‌వి, వెడల్పుగా, అడ్డగోడలు దాదాపు లేకుండా, సాటిన్ రిబ్బన్ను నలిపి పడేసినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. పలక మీద అంత స్పష్టంగా కనబడ్డా, ప్లేటులో పెడితే చాలావాటిలో ఏమీ మొలిచేది కాదు. మొలిస్తే మాత్రం రెండు మూడు రోజుల్లో ప్లేటంతా దూదిలా నిండి మూతను తాకేది. మొలవనివి ఎందుకు మొలవలేదో మేడమే కనిపెట్టారు. ల్యాబ్‌లో ముక్కను రోట్లో నూరి ప్లేటు మీద పూస్తున్నారు. మామూలు బ్యాక్టీరియాకైతే అది సరే. ఈ దారాలకు అడ్డగోడలు లేవు కదా, ఒకచోట తెగితే లోపలి సరుకంతా కారిపోతుంది. నూరకుండా బ్లేడుతో చిన్న చిన్న ముక్కలు కోసి నాటమన్నారు. ఫలితం మారింది. కాబట్టి నా చార్టులో "మొలవలేదు" అని రాసిన మొదటి కేసులు జబ్బు గురించి చెప్పేదానికన్నా మా రోకలి గురించి చెప్పేదే ఎక్కువ. పద్ధతి మార్చిన తేదీ థీసిస్‌లో రాశాను, ఆ తేదీకి ముందువీ తర్వాతవీ కలిపి శాతం వేయలేదు.

లైపోసోమల్ దొరకని వారాల్లో మామూలు ఆంఫో ఇచ్చారు. బాటిల్ ఎక్కిన అరగంటకు వణుకు, మంచం ఊగేంత. కిడ్నీ దెబ్బతినకుండా ముందు సెలైన్ ఎక్కించాలి, కానీ మందును మాత్రం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే విరిగిపోతుంది. పొటాషియం పడిపోతుంది. దానికిచ్చే సిరప్ ఎంత చేదంటే, మా రైతు అది తాగే ముందు ప్రతిసారీ, "ఆపరేషనే నయం" అనేవాడు. నా పని రోజూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం అంకెలు రాసుకోవడం. అవి కాగితం మీద ఉండేవి, రాయడం కష్టం కాదు.

కష్టమంతా ఒకే గడి దగ్గర. మాస్టర్ చార్టులో 38 కాలమ్‌లు. ఈ ఫంగస్‌కు దారి వేసేవి షుగరూ, కరోనాకు వాడిన స్టెరాయిడ్లూ. షుగర్ సంగతి ఏదో రకంగా తేలేది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తే, షుగర్ పాతదా, స్టెరాయిడ్ వల్ల మొన్న పెరిగిందా అన్నది కొంతవరకు తెలిసేది. స్టెరాయిడ్ ఎన్ని రోజులు వాడారు అన్న గడే నిండేది కాదు. చాలామంది ఆసుపత్రిలో చేరనే లేదు. బెడ్లు లేవు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన మాత్రలు ఇంట్లోనే వేసుకున్నారు. ఏ మాత్ర అని అడిగితే "చిన్నది, తెల్లది" అనేవారు. మా రైతు భార్య ఒకరోజు పాలిథిన్ కవరు తెచ్చి మంచం మీద బోర్లించింది. ముప్పై దాకా అట్టలు. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలు, ఒక్కదాని మీదా పూర్తి పేరు లేదు. ఒకదాని మీద చివరి రెండక్షరాలు, ఇంకోదాని మీద తేదీలో సగం. ఇద్దరం అరగంట కూర్చుని వాటిని పజిల్‌లా పేర్చాం. విటమిన్, జింక్, యాంటీబయాటిక్ తేలాయి. మిగిలిన ఒక అట్టకు ఐదు ఖాళీ గుంతలు. అదేనా? ఏమో. "ఎన్ని రోజులేసుకున్నాడమ్మా?" అంటే, "జ్వరం తగ్గిందాకా. తగ్గినాక కూడా బలానికని ఇంకొన్ని" అంది.

డ్యూటీ రూమ్‌లో ఈ బాధ చెప్పుకుంటే సీనియర్ ఒకరు నవ్వి, "10 అని వేసెయ్, అందరికీ 10 రోజులే ఇస్తారు" అన్నారు. ఎక్కడినుంచి వచ్చిందీ 10? కరోనా మందులను పరీక్షించిన బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు ఇచ్చారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే దానివల్ల మేలు జరిగింది, అక్కర్లేనివాళ్లకు జరగలేదు. మా వార్డులో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఆ లెక్క దాటి వాడినవాళ్లే అని మాకు అనుమానం. 10 అని వేస్తే ఆ అనుమానాన్ని నా చేత్తో నేనే పూడ్చేసినట్టు. అయినా అబద్ధమెందుకు, ఓ సాయంత్రం నాలుగు గడుల్లో 10 వేశాను. సినాప్సిస్ మార్చి, ఫారం మార్చి, ఫార్మలిన్ తప్పు చేసి, అలసిపోయి ఉన్నాను. పొద్దున్నే లేచి చెరిపేశాను. పెన్సిలుతోనే వేశానని గొప్పగా చెప్పుకోవచ్చేమో.

సార్ ఒకటే అన్నారు. "తెలియదు అన్నది కూడా ఒక జవాబే, దానికో కోడ్ పెట్టు." 99 పెట్టాను. ఇంకో కోడ్ పెట్టుకోవాల్సింది అని ఏడాది తర్వాత అర్థమైంది. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఎక్కించి సగటు తీస్తే స్టెరాయిడ్ వాడకం సగటున 43 రోజులని వచ్చింది. నా గుండె ఆగినంత పనైంది. ఏదో కనిపెట్టేశాననుకున్నాను. సార్‌కి రాత్రి పదకొండింటికి మెసేజ్ కూడా పెట్టాను. పొద్దున స్టాటిస్టిక్స్ ఆయన చూసి, "అమ్మా, 99 అంటే తెలియదని కంప్యూటర్‌కి చెప్పావా?" అన్నారు. చెప్పలేదు. అది పాపం నమ్మకంగా తొంభై తొమ్మిది రోజులు కలుపుకుంటూ పోయింది. సరిచేశాక తెలిసినవాళ్ల సంఖ్య ఎంత తగ్గిందంటే, ఇక సగటు తీయడంలో అర్థం లేదని ఆయనే అన్నారు. తెలిసినవాళ్లు ఇంతమంది, తెలియనివాళ్లు ఇంతమంది అని రాసి ఊరుకున్నాం.

ఫాలోఅప్ ఫోన్లు సాయంత్రం ఆరు తర్వాత చేసేదాన్ని, పొలం నుంచి వచ్చే వేళకి. నంబర్లు సగం పక్కింటివాళ్లవి. ఒకసారి కూతురు ఎత్తింది. "నాన్న పోయి నలభై రోజులైందండి" అంది. చార్టులో తేదీ అడగాలి, కారణం అడగాలి. నేను అడగలేకపోయాను. వారం తర్వాత మళ్లీ చేసి అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది, చివర్లో "మీరొక్కరే అడిగారండి" అంది.

మా రైతుకు కుడివైపు పై దవడ తీసేశాం. నోట్లో నీళ్లు పోసుకుంటే ముక్కులోంచి వచ్చేవి. అంగిలిలో కన్నం ఉంటే గాలి ముక్కుకు పోతుంది, ప, బ పలకవు, రెండూ మ లాగే వినిపిస్తాయి. మనవణ్ని "బాబూ" అని పిలిస్తే "మామూ" అని వినిపించి వాడు నవ్వేవాడట. కన్నం మూసేలా పళ్లతో సహా తయారుచేసే అబ్ట్యురేటర్‌ను కట్టుడు పళ్ల విభాగం, ప్రోస్తోడాంటిక్స్ వాళ్లు అమర్చారు. అది పెట్టిన రోజు కుర్చీలోనే మజ్జిగ తెప్పించి తాగించాం. ముక్కు దగ్గర అద్దం పట్టుకుని చూశాను, చుక్క రాలేదు. ఆయన దాన్ని క్లిప్పు అంటాడు.

2023లో వైవా. ఎగ్జామినర్ చార్టు తిప్పుతూ ఆ కాలమ్ దగ్గర ఆగారు. "ఏంటమ్మా ఇన్ని తెలియదులు? అడగలేదా?"

"అడిగాను సార్. వాళ్లకీ తెలియదు."

ఆయన ఒక క్షణం చూసి పేజీ తిప్పారు. పై దవడ తీయడానికి మొహం మీద పెట్టే వెబర్ ఫెర్గూసన్ కోత ఎక్కడ మొదలవుతుందో చెప్పమన్నారు.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో పని చేస్తున్నాను. నా నంబరు మారలేదు. పోయిన నెల మా రైతు ఫోన్ చేశాడు. క్లిప్పు లూజైంది, పాత ఆసుపత్రిలో ఎవరూ తెలియడం లేదు, మీ దగ్గరికే వస్తాం అన్నాడు. గురువారం రమ్మన్నాను. భార్యాభర్తలిద్దరూ మూడు బస్సులు మారి వచ్చారు. నేను క్లిప్పు చూస్తుండగా ఆమె చీర కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి తీసింది. "నువ్వు అప్పుడు తెగ అడిగావు కదమ్మా, బియ్యం డబ్బా అడుగున దొరికింది. ఆ డాక్టరు రాసిచ్చిందే."

చేతి తొడుగులు తీసేసి, వెలుతురు దగ్గరికెళ్లి విప్పాను. సంవత్సరం సరిపోయింది. నెల సరిపోలేదు. మాత్రలు మోకాళ్ల నొప్పులకి, పేరు ఆవిడది.